ఏసీ ఆపిన తొమ్మిది నిమిషాలు

ఇస్తారి మా ఇంటికి మొదటిసారి వచ్చింది ఏసీ చూడటానికి. మేం మస్కట్‌లోని అల్ ఖువైర్‌లో అద్దెకు దిగి అప్పటికి నెల కాలేదు. బెడ్‌రూమ్ ఏసీ రోజంతా గురగురమంటోందని వాచ్‌మన్‌కి చెబితే అతన్ని పంపాడు. యాభై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉన్నాడు. మూత తీయగానే పని మొదలుపెట్టలేదు. స్క్రూడ్రైవర్ కొసను మోటారుకు ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కి పెట్టుకుని, కళ్లు మూసుకుని కాసేపు నిలబడ్డాడు.

"బేరింగు పోయిందమ్మా. ఇంకో పదిరోజులు నడుస్తది" అన్నాడు. మా ఆయన నవ్వి, పది రోజులని అంత కచ్చితంగా ఎలా చెబుతావన్నారు. పదకొండో రోజు మధ్యాహ్నం ఏసీ ఆగిపోయింది. అప్పటినుంచి మా ఇంట్లో ఏది మొరాయించినా ఇస్తారినే పిలిచేవాళ్లం. మేం తెనాలి వాళ్లం, అతనిది జగిత్యాల జిల్లాలో మెట్‌పల్లి దగ్గర ఒక ఊరు. మా మాట అతనికీ, అతని మాట మాకూ మొదట్లో కొంచెం తడబాటుగానే ఉండేది. ఇక్కడ రాస్తున్నది అతను రెండేళ్లలో అప్పుడింత అప్పుడింత నాకు చెప్పినది.

ఇరవై నాలుగో ఏట ఒమాన్ వచ్చాడు. మొదటి నాలుగేళ్లు సలాలాలో కట్టడం పని. అక్కడే ఒక మలయాళీ దగ్గర ఏసీ పని నేర్చుకుని మస్కట్ చేరాడు. ఘలాలో ఒక మెయింటెనెన్స్ కంపెనీ క్యాంపులో ఆరుగురితో ఒక రూమ్. భార్య కవిత ఊళ్లో బీడీలు చుట్టేది. పెళ్లయిన తొమ్మిదేళ్లకు ఒక కూతురు పుట్టింది, వాణి. కరీంనగర్‌లో హాస్టల్‌లో ఉండి నర్సింగు చదువుతోంది. పెళ్లయి ఇరవై తొమ్మిదేళ్లయినా, సెలవులన్నీ కలిపి చూస్తే భార్యాభర్తలు ఒక ఇంట్లో ఉన్నది నాలుగేళ్లకు మించదు.

మిగతా కాపురమంతా ఫోన్లోనే. సాయంత్రం ఆరున్నరకు అతను డ్యూటీ దిగి క్యాంపుకు రాగానే కవిత ఫోన్ చేసేది. చెప్పేవన్నీ అయిపోయాక కూడా పెట్టేసేది కాదు. ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి, చాట ముందేసుకుని ఆకు కత్తిరిస్తూ కూర్చునేది. ఇక్కడ ఇస్తారి బియ్యం కడుక్కుంటూ ఆ కత్తెర చప్పుడు వినేవాడు. రూమ్‌లోని వాళ్లు ఎగతాళి చేస్తే, మాట్లాడకపోయినా మనిషి ఉన్నట్టుంటది కదా అనేవాడట. పగటిపూట మాత్రం ఆమె ఎప్పుడూ ఫోన్ చేసేది కాదు. డ్యూటీలో ఉంటాడని తెలుసు.

ఆ ఏడాది బక్రీద్ సెలవులకు ముందు కంపెనీ అతనికి ఒక కొత్త పని చెప్పింది. ఖురంలో ఒక పాత బడి ఉంది, ఆ బడికి ఒక ఆడిటోరియం. సెలవులు ఐదు రోజులూ అక్కడ ఉండాలి. ఏమీ బాగుచేయనక్కర్లేదు, చెప్పినప్పుడు ఏసీ ఆపాలి, చెప్పినప్పుడు వేయాలి. అంతే.

అక్కడ ఒక సంగీతం రికార్డు చేస్తున్నారు. నలుగురు వాయించేవాళ్లు, నలుగురూ మస్కట్ బళ్లలో సంగీతం చెప్పే టీచర్లే. రెండు వయొలిన్లు, వాటికంటే కాస్త పెద్దదైన వయోలా ఒకటి, కుర్చీలో కూర్చుని మోకాళ్ల మధ్య నిలబెట్టి వాయించే చెల్లో ఒకటి. చెల్లో వాయించేది రూత్ అనే ఇంగ్లీషావిడ. డెబ్బైకి దగ్గరపడిన మనిషి, ముప్పై ఏళ్లుగా మస్కట్‌లోనే ఉంటోంది. ఈ రికార్డింగు పూనుకున్నది ఆవిడే. బ్రిటన్‌లో పుట్టి, సంగీతం రాసి, ఎవరికీ తెలియకుండా పోయిన ముగ్గురివి మూడు రచనలు, ఒక్కొక్కటి అరగంట, ఎన్నడూ రికార్డు కానివి. నలుగురికీ ఒకేసారి సెలవు దొరికేదీ, బయట సైట్లన్నీ మూసి ఊరు సద్దుమణిగేదీ ఆ ఐదు రోజులే. జూన్ నెల, బయట నలభై నాలుగు డిగ్రీలు. ఏసీ నడిస్తే ఆ చప్పుడు మైకుల్లోకి వస్తుంది. ఆపితే పావుగంటలో హాలు ఉడికిపోతుంది, తంతులు సడలి శ్రుతి దిగిపోతుంది. అందుకని ఏసీ ఆపి ఒక ముక్క వాయించడం, మళ్లీ ఏసీ వేసి చల్లబడేదాకా ఆగడం. ఒక్కో విడతను వాళ్లు టేక్ అనేవారు.

మొదటిరోజు ఏసీ ఆపినా చెవికి పెట్టుకున్న హెడ్‌ఫోన్లలో సన్నటి మోత వస్తోందని రికార్డింగు చేసే ఎహసాన్ తల పట్టుకున్నాడు. అతనిది కరాచీ. హాలంతా వెతికారు, దొరకలేదు. ఇస్తారి తన స్క్రూడ్రైవర్ తీసి గోడకు ఆనించి చెవి పెడుతూ, అడుగు అడుగు జరుగుతూ, హాలు దాటి వరండాలోకి వెళ్లాడు. అక్కడ పిల్లలు నీళ్లు తాగే కూలర్ ఒకటి నడుస్తోంది. ప్లగ్గు పీకాడు. లోపలినుంచి ఎహసాన్ పరుగున వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు. ఆనాటినుంచి ఇస్తారిని హాల్లోనే, వెనక గోడ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు. చెప్పులు బయట విడవాలి, దగ్గు వస్తే ముందే చెప్పాలి, ఫోన్లన్నీ వరండాలో బల్ల మీది ట్రేలో పెట్టాలి. హాలు బాధ్యుడు అబూబకర్‌తో సహా అందరికీ ఆ నియమమే.

ఆ సంగీతం నీకెలా అనిపించిందని నేనడిగాను.

"పాట లెక్క ఉండదమ్మా. నలుగురు కూసోని మెల్లగ మాట్లాడుకున్నట్టుంటది. ఒకలు చెప్తుంటె ముగ్గురు వింటరు. మళ్ల ఇంకొకలు అందుకుంటరు. ఏం మాట్లాడుతున్నరో తెల్వది గని, అబద్ధం చెప్తలేరని తెలుస్తది."

మూడో రచన సంగతి రూత్ విరామంలో టీ తాగుతూ చెప్పిందట, తనకొచ్చిన హిందీలో సగం, ఎహసాన్ సాయంతో సగం. అది రాసినావిడ ఒక చిన్న ఊరి బళ్లో సంగీతం చెప్పేది. పెళ్లి చేసుకోలేదు. చెల్లెలు పోయిన ఏడాది ఈ ఒక్క రచనా చేసింది. చర్చి పక్క గదిలో ఒకసారి వాయిస్తే విన్నవాళ్లు తొమ్మిది మంది. ఆ తర్వాత కాగితాలు పెట్టెలో పెట్టేసింది. రూత్‌కు చెల్లో నేర్పింది ఆవిడే. పోతూ పెట్టెను రూత్‌కి ఇచ్చి వెళ్లింది. నలభై ఏళ్లు ఆ కాగితాలు దేశాలు తిరిగాయి తప్ప ఎవరూ వాయించలేదు. ఇప్పుడు రూత్ వేళ్లు బిగుసుకుపోతున్నాయి, డాక్టరు ఇంకో ఏడాది అన్నాడు. ఇది చెప్పి ఆవిడ తన వేళ్లను టీ కప్పు చుట్టూ పెట్టుకుని కాచుకుందని ఇస్తారి చెప్పాడు.

ఆ రచనలో నడిమి భాగం చాలా మెల్లగా సాగుతుంది, తొమ్మిది నిమిషాలు. నాలుగోరోజు ఉదయం పదకొండుకు అది మొదలుపెట్టారు. మొదటి టేకులో ఎవరిదో కుర్చీ కిర్రుమంది. రెండోది బాగా వచ్చింది. ఇంకొక్కటి తీసుకుందామని ఆగి, ఏసీ వేసి, టీ తాగడానికి బయటికి వచ్చారు. పన్నెండు కావస్తోంది. ఇస్తారి ట్రేలోంచి ఫోన్ తీసుకున్నాడు. కవిత నుంచి ఏడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. మొదటిది పదకొండూ ఎనిమిదికి, చివరిది పదకొండూ ముప్పై ఒకటికి.

చేశాడు. ఎత్తింది కవిత కాదు, పక్కింటి చిన్నవ్వ. ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని బీడీలు చేసేవాళ్లు.

"నీ పెండ్లాం లేదు బిడ్డా" అంది చిన్నవ్వ.

మంచానికి ఆనుకుని కూర్చుని ఉందనీ, పిలిస్తే పలకలేదనీ, ఫోన్ చేతిలోనే ఉందనీ, ఊరి డాక్టరు వచ్చి గుండె ఆగిందన్నాడనీ చెప్పింది. ఇంకా ఏదో చెబుతూనే ఉంది. ఇంతలో అబూబకర్ వచ్చి, మొదలుపెడుతున్నాం, ఏసీ ఆపమన్నాడు. ఇస్తారి ఫోన్ మళ్లీ ట్రేలో పెట్టాడు. ఏసీ స్విచ్చులున్న పై గదికి వెళ్లి ఆపాడు. దిగి వచ్చి వెనక గోడ పక్క కుర్చీలో కూర్చున్నాడు.

ఎందుకలా చేశావని నేను అడగలేదు. అతనే చెప్పాడు. ఏం చెయ్యాలో తెలియనప్పుడు ఎవరో ఒకరు ఏదో ఒకటి చెయ్యమంటే కాళ్లు వాటంతట అవే పోతాయట.

ఆ టేకు మొత్తం కూర్చున్నాడు. అయ్యాక ఎహసాన్ హెడ్‌ఫోన్లు మెడలోకి దించుకుని లోపలికి వచ్చి, చివర్లో ఎవరిదో ఊపిరి వినిపిస్తోంది, గట్టిగా పీలుస్తున్నారు, ఎవరు అని అడిగాడు. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇస్తారి లేచి నిలబడి, నాదే అయ్యుంటుంది సార్, నా భార్య పోయింది, ఇప్పుడే చెప్పారు అన్నాడు.

ఎహసాన్ ఆ మాటను ఇంగ్లీషులో చెప్పడానికి కొంచెం సమయం పట్టింది. రూత్ చెల్లోను నేల మీద పడుకోబెట్టి వచ్చి అతని ముందు నిలబడింది. ట్రే ఉన్న బల్లవైపు ఒకసారి చూసి మళ్లీ అతన్ని చూసింది. ఆ రోజుకి రికార్డింగు ఆగిపోయింది.

ఆవిడే అతన్ని కారులో ఘలా తీసుకెళ్లింది. కంపెనీ ఆఫీసు మూసి ఉంది. పాస్‌పోర్టులన్నీ మందూబ్, అంటే ప్రభుత్వ కాగితాల పనులు చూసే సమీయుల్లా బీరువాలో ఉంటాయి. అతను పండక్కి కుటుంబంతో సలాలా వెళ్లాడు, ఫోన్ కలవలేదు. అబూబకర్ ఇల్లు సీబ్‌లో. అతను పండగ పూట ఇంట్లో చుట్టాలను వదిలేసి, సమీయుల్లా తమ్ముణ్ని వెతికి, తాళంచెవి సంపాదించి, మర్నాడు సాయంత్రానికి పాస్‌పోర్టు తెచ్చి చేతిలో పెట్టాడు. టికెట్ ఆ మరుసటి పొద్దుటికి దొరికింది. ఈలోగా ఊరినుంచి పెద్దమనుషులు ఫోన్ చేసి, ఎండలు ముదిరి ఉన్నాయి, ఎప్పుడొస్తావో తెలీదు, ఏం చెయ్యమంటావని అడిగారు. కానియ్యండి అని అతనే అన్నాడు. తలకొరివి వాణి పెట్టింది.

మూడోరోజు సాయంత్రం ఇంటికి చేరేసరికి అరుగు కడిగి ఉంది. వాణి దగ్గరికి రాలేదు. దూరపు బంధువులందరూ ఏడ్చి, ఓదార్చి పోయాక తండ్రి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏడుసార్లు చేసింది. ఏం చేస్తున్నవు బాపూ?"

"డ్యూటీల ఉన్న బిడ్డా."

"ఏం డ్యూటీ?"

అబద్ధం చెప్పడం అతనికి తోచలేదు. పాట రికార్డు చేస్తుంటే ఏసీ బంద్ చేసి కూర్చున్నానని చెప్పాడు. వాణి లోపలికి వెళ్లిపోయింది. కానీ ఆ మాట ఇంట్లో ఉన్నవాళ్లు విన్నారు. పదో రోజుకల్లా ఊళ్లో అది ఇంకోలా తయారైంది. ఇక్కడ పెండ్లాం పాణం పోతుంటే అక్కడ ఇస్తారి కూర్చుని పాట వింటున్నాడట అని. ఎవరో పాలకేంద్రం దగ్గర అతని మొహం మీదే అన్నారు. అది నిజమే కదమ్మా అన్నాడు నాతో.

దినాలయ్యాక మస్కట్ తిరిగొచ్చాడు. ఇల్లు తాళం పడింది. వాణి హాస్టల్లో ఉంటోంది. సాయంత్రం ఇతను ఫోన్ చేస్తే ఎత్తేది కాదు. తిన్నావా అని మెసేజ్ పెడితే 'తిన్న' అని, ఒంట్లో బాగుందా అంటే 'మంచిగనే ఉన్న' అని వచ్చేది. ఒకటి రెండు మాటలు. రూమ్‌లో వంట వంతు ఇతనిదైన రోజున, ఆరున్నర అయ్యేసరికి బియ్యం గిన్నె పట్టుకుని బయటి నల్లా దగ్గరికి వెళ్లిపోయి, అక్కడే చాలాసేపు ఉండిపోయేవాడని అతనితో ఉండే ఆంజి ఒకసారి నాతో అన్నాడు. రికార్డింగులో మిగిలిన భాగానికి, వారం తర్వాత వచ్చిన శుక్రవారం, ఏసీ దగ్గర కూర్చున్నది ఈ ఆంజే.

సెప్టెంబరులో రూత్, ఎహసాన్ కలిసి ఇస్తారిని వెతుక్కుంటూ క్యాంపుకు వచ్చారు. క్యాంపు గేటు దగ్గర టీ కొట్టు ముందు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. రూత్ వచ్చిన పని చెప్పింది. మూడు రచనలూ సిద్ధమయ్యాయి, కానీ మూడోది వేయాలా వద్దా అన్నది నీ చేతిలో పెడుతున్నాను, నువ్వు వద్దంటే తీసేస్తాను, ఆ ఫోన్లు బయట పెట్టమన్నది నేనే అంది. నలభై ఏళ్లు మోసుకు తిరిగిన కాగితాలు అవి. ఎహసాన్ ఆ మాటలను ఉర్దూలో చెబుతూ రెండుసార్లు ఆగాడు.

ఇస్తారి ఒక్కటే అడిగాడు. ఏ టేకు పెట్టారు? రెండోది అన్నాడు ఎహసాన్. అది ఎన్ని గంటలకు మొదలైంది? ఎహసాన్ ఫోన్లో చూశాడు, అన్నీ రాసుకునే అలవాటు అతనికి. పదకొండూ ఇరవై నాలుగుకు మొదలై ముప్పై మూడుకు అయిపోయింది.

చివరి కాల్ ముప్పై ఒకటికి. అంటే ఆ తొమ్మిది నిమిషాల్లో ఏడో నిమిషం.

కొట్టువాడు వచ్చి గ్లాసులు తీసుకుపోయాడు.

"తీసేస్తె ఆమె వస్తదా మేడమ్? ఉండనీ. మీ టీచరమ్మది ఎన్నేండ్లు పెట్టెల ఉండాలె" అన్నాడు ఇస్తారి.

రూత్ అతని చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఇస్తారికి ఏడుపు రాలేదు. ఊరినుంచి వచ్చినప్పటినుంచీ రాలేదట.

సీడీ జనవరిలో వచ్చింది. రూత్ అప్పటికే ఇంగ్లండ్ వెళ్లిపోయింది, ఆవిడ చేతులు ఇక చెల్లో పట్టడం లేదు. ఎహసాన్ తెచ్చి ఇచ్చాడు, అదే సంగీతాన్ని ఇస్తారి ఫోన్లోనూ వేశాడు. ఒక శుక్రవారం ఇస్తారి ఆ సీడీని ఒక కవరులో పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఏసీ పనేమీ లేదు. లోపల చిన్న పుస్తకం ఉంది, ఇంగ్లీషులో ఉంది, చదివి చెప్పమన్నాడు.

ముందునుంచీ చదివాను. ఆ టీచరు గురించి రూత్ రాసిన పేజీ రెండుసార్లు చదివించుకున్నాడు. చివరి పేజీలో, సాయం చేసినవాళ్ల పేర్ల కింద, వేరుగా రెండు వరుసలు ఉన్నాయి. హాల్లో మా కోసం నిశ్శబ్దాన్ని కాపాడిన ఇస్తారికి కృతజ్ఞతలు. ఈ రికార్డింగు ఆయన భార్య కవితకు.

నేను ఆ రెండో వరుస చదివాక అతను పుస్తకం తీసుకుని, "కవిత అని ఏడ రాసి ఉన్నది?" అని అడిగాడు. చూపించాను. వేలు పెట్టి ఒక్కో అక్షరం మీదుగా జరిపాడు. మా ఆయన, ఇక్కడ ప్లేయర్ ఉంది, పెట్టమంటావా అన్నారు. వద్దు సార్ అన్నాడు. అప్పటిదాకా తను కూడా వినలేదు.

జూన్‌లో సంవత్సరీకానికి సెలవు పెట్టి వెళ్లాడు. వాణి కూడా వచ్చింది, పరీక్షలు పాసై కరీంనగర్‌లోనే ఒక ఆసుపత్రిలో చేరింది. తండ్రీ కూతురూ ఇల్లు దులిపారు, కడిగారు, కావలసినవి తెచ్చుకున్నారు. పనికి కావలసిన మాటలు తప్ప ఇంకేమీ లేవు. ముందురోజు మధ్యాహ్నం వాణి కూరగాయలు తరుగుతుంటే ఇస్తారి ఆ చిన్న పుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టాడు, చివరి పేజీ తీసి. వాణి కత్తిపీట పక్కకు జరిపి, చెయ్యి తుడుచుకుని చదివింది. అమ్మ పేరు దగ్గర ఆగిపోయింది.

"ఇది ఎవలు రాసిండ్రు?"

ఇస్తారి అప్పుడు మొత్తం చెప్పాడు. ట్రే సంగతి, ఎవరికీ తెలియని టీచరమ్మ సంగతి, పదకొండూ ఇరవై నాలుగు సంగతి. చెప్పి, "అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను విన్నది ఇదే బిడ్డా. వింటవా?" అన్నాడు.

వాణి గోడకు ఆనుకుని కూర్చుంది. అతను ఫోన్‌ను పీట మీద పెట్టి నొక్కాడు.

తొమ్మిది నిమిషాలు ఇద్దరూ విన్నారు. ఆ వంటింట్లో చెల్లో అడుగుస్వరం సరిగ్గా వినిపించను కూడా వినిపించలేదట, చిన్న ఫోన్ కదా. ఏడో నిమిషం ఎక్కడ వస్తుందో ఇస్తారికి తెలుసు. అక్కడికి రాగానే కూతురికి చెప్పాలా వద్దా అనుకుంటూనే ఉన్నాడు, దాటిపోయింది. అయిపోయాక వాణి మోకాళ్ల మీద తల పెట్టుకుంది. ఆ తర్వాత జరిగిన మాటలు అతను చెప్పినట్టే రాస్తున్నాను.

"బాపూ, అమ్మ ముందుగాల నాకు చేసింది."

ఇస్తారికి అర్థం కాలేదు.

"నీకు చెయ్యకముందు నాకు చేసింది. ఛాతిల మంట లేస్తుందే, ఎడమ చెయ్యి గుంజుతుంది అన్నది. నాకు తెల్లారి పరీక్ష. పుస్తకం ముంగటేసుకొని కూసున్న. గ్యాస్ అయ్యుంటదే, ఈనో తాగి పండుకో అన్న. ఇంకేదో చెప్పవోయింది. బాపుకు చెయ్యే, నేను చదువుకోవాలె అని పెట్టేసిన."

నర్సింగు చదువుతున్న పిల్ల. ఎడమ చెయ్యి గుంజితే ఏమిటో ఆ తెరిచి ఉన్న పుస్తకంలోనే ఉండి ఉంటుంది. అమ్మ ఫోన్లో తన నంబరు అందరికంటే ముందుందని చూసింది వాణి ఒక్కతే, చితికి తీసుకెళ్లేముందు. ఆ ఒక్క కాల్‌నూ చెరిపేసింది. అప్పటినుంచి ఎవరికీ చెప్పలేదు. తండ్రిని ఏడుసార్లు, ఏడుసార్లు అని ఎందుకు అన్నదో, ఊళ్లో వాళ్లు అతన్ని ఆడిపోసుకుంటుంటే ఎందుకు ఊరుకుందో, ఫోన్ ఎందుకు ఎత్తలేదో అన్నీ చెప్పింది. నీ గొంతు వింటే చెప్పెయ్యాల్సి వస్తదని ఎత్తలేదు బాపూ అంది.

కోపం వచ్చిందా అని నేనడిగితే, వచ్చిందమ్మా, కొంచెంసేపు బాగా వచ్చింది అన్నాడు. మెట్‌పల్లి ఆసుపత్రి ఆటోలో ఇరవై నిమిషాలు. ఆ లెక్క మనసులో ఒకసారి తిరిగింది. ఆ తర్వాత కూతురి వంక చూశాడు. ఏడాదిలో సగమైపోయింది. తల్లికి తలకొరివి పెట్టిన చేతులు చీర కొంగు నలుపుతున్నాయి.

"నేను ఎత్తినా గదే చెప్పెటోణ్ని బిడ్డా" అన్నాడు. "గ్యాసే అనుకుందును. ఆమె ఎప్పుడు నొప్పంటె ఎప్పుడు నమ్మినం మనం?"

అప్పుడు వచ్చింది ఏడుపు అతనికి. వాణి కూడా ఏడ్చింది. చప్పుడు విని చిన్నవ్వ వచ్చి గుమ్మంలో నిలబడి, ఏమైందని అడగకుండా, కత్తిపీట తన ముందుకు లాక్కుని మిగిలిన కూరగాయలు తరిగింది.

మర్నాడు సంవత్సరీకం జరిగింది. భోజనాలప్పుడు పాలకేంద్రం దగ్గర మాటన్న మనిషి కూడా పంక్తిలో ఉన్నాడు. వాణి వడ్డిస్తూ అతని ముందు ఆగి, మా బాపు డ్యూటీల ఉండి ఎత్తలే, నేను హాస్టల్ల ఉండి ఎత్తి పెట్టేసిన, అనాలనుకుంటె నన్ను అను అని చెప్పింది. అందరి ముందరే. ఇస్తారి వద్దని చెయ్యి ఊపుతూనే ఉన్నాడట, ఆమె ఆగలేదు. పంక్తిలో ఎవరూ తల ఎత్తలేదు.

సెలవు అయిపోయి ఇస్తారి మస్కట్ వచ్చాడు. వాణి ఆసుపత్రిలో అత్యవసర విభాగం అడిగి మరీ వేయించుకుంది. ఆడవాళ్లు ఎవరైనా ఛాతీలో మంట అని వస్తే, డాక్టరు వచ్చేదాకా చెయ్యి వదలదని తండ్రికి గొప్ప. ఆ పని తన బాధను తగ్గించడం లేదని వాణి ఒకసారి అందట. ప్రతి మనిషి మొహం అమ్మదే అనిపిస్తుంది బాపూ, ఒక్కో రోజు డ్యూటీ దిగి బాత్రూమ్‌లో కూర్చుంటాను అని. ఆ పని మానేయమని ఇస్తారి చెప్పి చూశాడు. వినలేదు.

పోయినవారం మా హాల్లో ఏసీ ఫిల్టర్లు కడగడానికి వచ్చినప్పుడు కూతురెలా ఉందని అడిగాను.

"రోజూ మాట్లాడుతదమ్మా. మాట్లాడినంతసేపు మంచిగనే ఉంటది. పెట్టేసినంక ఏడుస్తదో ఏమో. నేను ఏడుస్తనని దానికి ఎరుకే" అన్నాడు.

ఫిల్టర్లు ఎండలో ఆరబెట్టి, ఆరాక బిగించి, ఇంకో విల్లా చూసుకోవాలని సీబ్ బస్సుకు వెళ్లిపోయాడు.